పుల్లలు కదలని చోటు

కొత్త ట్యాంకు పని మీద ఎవరైనా వస్తే మిర్తా రోస్తాన్ ముందుగా కొలతలు అడగదు. లోపల ఏం పోస్తారని అడుగుతుంది. రంగు అని చెబితే నూనె రంగా, నీళ్ల రంగా అంటుంది. పెరుగు అంటే, తోడుకున్న తర్వాత కలుపుతారా, తోడు వేసేటప్పుడు కలుపుతారా అంటుంది. కొలతల కాగితం మాత్రమే పట్టుకుని, లోపలి సరుకు సంగతి ఆలోచించకుండా వచ్చినవారికి స్టూలు చూపించి, మాతె అనే ఆకు కషాయం పోసిన సొరకాయ బుర్ర చేతికిచ్చి, తాగడం అయ్యేలోపు గుర్తు తెచ్చుకోమంటుంది. కషాయం పీల్చే గొట్టాన్ని బుర్రలో అటూ ఇటూ కదిపితే మాత్రం ఊరుకోదు. ముప్ఫై అయిదేళ్లుగా కలిపే యంత్రాల మధ్య బతికిన మనిషి కలపకూడనిది ఏదో కూడా తెలిసి ఉండాలని ఆమె అభిప్రాయం.

పాసో తారుమాన్‌లో వంతెన దిగగానే ఎడమ పక్కన కనిపించే రేకుల షెడ్డు ఆమెది. దానిని కట్టింది ఆమె తండ్రి ఎర్మిందో. ఆయన మొదట్లో నాగళ్లకు పదును పెట్టేవాడు. చుట్టుపక్కల గోధుమ పొలాలు పచ్చికబయళ్లుగా మారి, ఇంటింటా పాడి పెరిగి, పాలకు ట్యాంకులు వచ్చాక ఆ ట్యాంకుల్లో తిరిగే రెక్కలు చేయడం మొదలుపెట్టాడు. కొడుకు హ్యూగోకు లారీ నడపడం మీదే మనసు. కూతురు మిర్తా పందొమ్మిదో ఏట వెల్డింగు ముసుగు తగిలించుకుంది. తండ్రి ఆమెకు నేర్పిన మొదటి పాఠం ఒక్కటే. రెక్క తిరగడం చూసి మోసపోకూడదు, తిరగడం దాని పని కాదు. దాని పని తోయడం గానీ, కోయడం గానీ. సరుకుకు ఆ రెండింటిలో ఏది కావాలో, ఎంత కావాలో తేల్చినప్పుడే రెక్క ఎంపిక అయినట్టు.

ఈ పాఠం ఎన్ని రకాలుగా పనికొచ్చిందో ఆమె నోటు పుస్తకాలు చూస్తే తెలుస్తుంది. నది ఒడ్డున పడవలకు రంగు తయారుచేసే ఒకాయన, పక్క పొలంలో పెరుగు ట్యాంకుకు పెట్టిన రెక్క లాంటిదే తనకూ చేసిపెట్టమని అడిగాడు. అది పెడితే రంగు పొడి ఉండలుగానే మిగిలిపోతుందని చెప్పి, అంచున రంపపు పళ్లున్న పళ్లెం ఒకటి చేసి ఇచ్చింది. అది నిమిషానికి వెయ్యిసార్లకు పైగా తిరిగి ఉండలను కోసేస్తుంది. పెరుగుది దీనికి పూర్తిగా వ్యతిరేకమైన కథ. ఒక పొలం యజమానురాలు చిన్న చదును రెక్కలున్న చక్రాన్ని వేగంగా తిప్పి, గట్టి పెరుగంతా నీళ్లూ తరకలూ చేసుకుని వచ్చింది. ఆ చక్రం తీసేసి, ట్యాంకు వెడల్పంతా ఉండే తలుపు లాంటి రెక్కను అమర్చి, నిద్రపోతున్న పసిబిడ్డను లేపకుండా పక్క మార్చినంత నెమ్మదిగా తిప్పమని మిర్తా చెప్పింది.

ఏ రెక్క అయినా అసలు ట్యాంకులోకి వెళ్లేముందు షెడ్డులోని గాజు జాడీలో తిరిగి రావలసిందే. జాడీ నిటారు గోడలతో ఇరవై లీటర్లు పడుతుంది. ఒకప్పుడు మందుల దుకాణంలో ఉండేదట. దాని మీద బిగించిన మోటారు ఆమె తల్లి కుట్టుమిషనుది. కాలి కింది పెడలుతో వేగం పెంచవచ్చు, తగ్గించవచ్చు. రేకు ముక్కలతో కత్తిరించిన చిన్న రెక్కలు తీగకు ఆరేసిన బట్టల్లా వేలాడుతుంటాయి. సరుకు ఎంత పలుచనో, ఎంత చిక్కనో చూసి జాడీలో నీళ్లో, పొద్దుతిరుగుడు నూనో, మిఠాయివాళ్లు వాడే గ్లూకోజు పాకమో పోస్తుంది. లోపలి కదలిక కంటికి కనబడాలంటే ఏదైనా పొడి వేయాలి. మాతె తాగేసిన బుర్ర అడుగున మిగిలే యెర్బా ఆకు దానికి వాడుతుంది. మా దేశంలో దానికి కొదవేముంది.

ఆ ఆకు గురించే ఇంట్లో ఇరవై రెండేళ్లుగా ఒక తగువు నడుస్తోంది. హ్యూగో భార్య నొయెమీది నదికి అవతలి ఒడ్డు, అర్జెంటీనాలోని గ్వాలెగ్వాయిచు. హ్యూగో పోయాక కూడా ఆమె పుట్టింటికి వెళ్లలేదు; ఆడపడుచు దగ్గరే ఉండిపోయింది. ఇంటిని, వంటను, షెడ్డుకు వచ్చేవారి మర్యాదను ఆమే చూసుకుంటుంది. ఒక్క విషయంలో మాత్రం మెట్టినింటి అలవాటుకు లొంగలేదు. ఇవతలి ఒడ్డున మేం తాగేది పుల్ల అన్నది లేకుండా మెత్తగా దంచిన ఆకు. ఆమె తాగేది అవతలి ఒడ్డు ఆకు. అందులో సగం పుల్లలే. అందుకని ఆ ఇంట్లో రెండు బుర్రలు, రెండు డబ్బాలు.

"నువ్వు తాగేది చీపురు కషాయం వదినా," అని మిర్తా అంటుంది.

"మీది పిండి. గొట్టంలో ఇరుక్కుని చస్తుంది. పీల్చి పీల్చి ఊపిరాడక, మీ జనమంతా ఓపికమంతుల్లా కనిపిస్తారు," అని నొయెమీ బదులిస్తుంది.

ఈ మాటలకు ఇద్దరిలో ఎవరూ నొచ్చుకోరు. వినేవాళ్లు ఉంటే మాత్రం కొంచెం గట్టిగా అనుకుంటారు.

గత ఏడాది మార్చిలో తారుమాన్ పాడి సహకార సంఘం వంటశాలకు కొత్త ట్యాంకు వచ్చింది. పదిహేడు కుటుంబాల పాలతో అక్కడ దుల్సే వండుతారు. పాలు, పంచదార, చిటికెడు సోడా వేసి, గోధుమరంగుకు వచ్చి చెంచాకు అంటుకుని నిలిచేదాకా అయిదు గంటలు కాచాలి. నలభై ఏళ్లుగా మూడు రాగి గంగాళాల్లో ఈ పని నడిచింది. వంట పెద్ద దోన్ ఎల్బియో. వయసు అరవై నాలుగు. ఆయన కింద అయిదుగురు పనిచేస్తారు. గంగాళాల అడుగులు కాగితంలా పలుచబడ్డాయి. మిర్తాయే వాటికి మూడుసార్లు అతుకులు వేసి, నాలుగోసారి ఇక వేయలేనని చెప్పేసింది. సంఘం వెతికి వెతికి, మూతపడిన ఒక కర్మాగారం నుంచి స్టీలు ట్యాంకు తెచ్చుకుంది. చుట్టూ ఆవిరి తిరిగే రెండో గోడ, పైన మోటారు, మధ్యలో ఇరుసు, అన్నీ ఉన్నాయి. ఇరుసుకు రెక్క మాత్రం లేదు.

సంఘం అధ్యక్షురాలు గ్లాదిస్ ప్లాంచోన్ మాట తేల్చి చెప్పే మనిషి. సమావేశంలో ఆమె సభ్యుల ముందు ఒక షరతు పెట్టింది. కొత్త ట్యాంకులో మూడు వంటలు చూద్దాం; మూడోదానికి కూడా దుల్సే మన దుల్సేలా రాకపోతే వంటశాల మూసేసి, పాలను పెద్ద డెయిరీ ట్యాంకరుకు పోద్దాం, అంది. అందులో కక్ష ఏమీ లేదు. చెడిపోయిన ప్రతి వంటకూ అందరి ఇళ్ల పాలూ పోతాయి కదా. చేతులెత్తినవారిలో దోన్ ఎల్బియో చెల్లెలు కూడా ఉంది. ఆయన మాత్రం సమావేశం అయ్యాక వెళ్లి, ఇక వాడనవసరం లేని గంగాళాలను ఒకసారి కడిగి బోర్లించాడని తర్వాత తెలిసింది.

రెక్క ఎంపిక మిర్తా చేతికి వచ్చింది. గంగాళం వెడల్పుగా, లోతు తక్కువగా ఉంటుంది. కొత్త ట్యాంకు లోతుగా, ఇరుకుగా ఉంది. పైనున్న పాలు పైనే, కిందున్నవి కిందే ఉండిపోతాయేమోనని ఆమె మొదట సందేహించింది. సందేహం న్యాయమైనదే. అందుకని ఇరుసు మధ్యలో, వాలుగా ఉండి సరుకును కిందికి తోసే మూడు రెక్కలను ఎంచుకుంది. దోన్ ఎల్బియోను పిలిపించి, దుల్సే దింపే సమయానికి గరిటె మీది నుంచి ఎలా జారుతుందో ఆయన చెబుతుంటే గ్లూకోజు పాకాన్ని అంత చిక్కదనానికి తెచ్చింది. తన బుర్రలోని ఆకు అందులో వేసి, గరిటెతో ఒక తిప్పు తిప్పి, చిన్న రెక్క తగిలించి పెడలు తొక్కింది. జాడీ అంతా ఒకటే పచ్చగా కనిపించింది. అంతా కలుస్తోందని నోటు పుస్తకంలో రాసుకుంది.

మొదటి వంటలో దుల్సే నిండా నల్లటి నలకలు వచ్చాయి. వేగం చాలలేదని మిర్తా మోటారు వేగం పెంచింది. రెండో వంటలో మాడు వాసన బంతాట మైదానం దాకా కొట్టింది. ఆ వంటను గ్లాదిస్ పందులు రెండు రోజులు తిన్నాయి. ట్యాంకు కడుగుతున్నప్పుడు గోడల మీద అరచేయి మందాన నల్లటి పెచ్చు ఊడింది. దానిని అట్లకాడతో గీకుతూ దోన్ ఎల్బియో తలెత్తకుండా అన్నాడు: "తప్పు నాదే మిర్తా. ఆవిరి ఎక్కువ వదిలాను."

నలభై ఏళ్లు ఆవిరి తిప్పిన చేయి అది. ఆ మాట అబద్ధమని మిర్తాకు తెలుసు, ఆమెకు తెలుసునని ఆయనకూ తెలుసు. మిగిలింది ఇక ఒక్క వంట.

మరుసటి ఆదివారం మధ్యాహ్నం మిర్తా షెడ్డు తెరిచి మళ్లీ జాడీ ముందు కూర్చుంది. అదే పాకం, అదే రెక్క, అదే ఆకు. మళ్లీ అదే పచ్చదనం. నొయెమీ ఫ్లాస్కు చంకలో పెట్టుకుని, తన బుర్ర పీలుస్తూ వచ్చి పక్కన నిలబడింది. ఆమెకు యంత్రాల సంగతి తెలియదు, తెలుసుకోవాలని ఎప్పుడూ అనుకోలేదు. కాసేపు చూసి, ఏం చూస్తున్నావని అడిగింది. పాకం ఎలా తిరుగుతోందో చూస్తున్నానని మిర్తా చెప్పింది.

"నాకైతే పాచిపట్టిన కుంట కనిపిస్తోంది," అంది నొయెమీ. "ఇందులో ఏది తిరుగుతోందో, ఏది ఆగిందో నీకెలా తెలుస్తోంది?"

మిర్తా చెప్పబోయి, జాడీకి ముఖం ఆనించి చూసింది. మెత్తటి పొడి మొదట్లో, తను ఆకు వేసి గరిటెతో ఒక తిప్పు తిప్పినప్పుడే, జాడీ అంతా పరుచుకుంది. ఆ తర్వాత తిరిగే పాకమూ పచ్చగానే ఉంది, ఆగిన పాకమూ పచ్చగానే ఉంది. రెండు వంటలకు ముందు తను చూసినది రంగును మాత్రమే, కదలికను కాదు. పలుచని సరుకుల విషయంలో ఆ తేడా ఎప్పుడూ పట్టుబడలేదు, ఎందుకంటే పలుచని సరుకులో ఆగిన చోటంటూ మిగలదు.

ఆమె జాడీ ఖాళీ చేసి, కడిగి, కొత్త పాకం పోసింది. పొడి కాకుండా ఒక్కొక్కటీ కంటికి ఆనేది ఏదైనా వేయాలని గుండీల కోసం, గింజల కోసం సొరుగులు వెతుకుతోంది. నొయెమీ తన బుర్రలోని చివరి గుక్క పీల్చి, దానిని జాడీలో బోర్లించి తట్టింది.

"ఇదిగో, నా చీపురు పుల్లలు. ఇన్నేళ్లకు మీ ఇంట్లో పనికొచ్చాయేమో చూడు."

మిర్తా పుల్లలను పాకంలో పైనుంచి కింద దాకా, మధ్య నుంచి అంచు దాకా అద్దకం వేసినట్టు ఒక్కొక్కటిగా కమ్మీతో గుచ్చి నిలిపింది. ఆ చిక్కటి పాకంలో అవి మునగలేదు, తేలలేదు; పెట్టిన చోటే ఉన్నాయి. తర్వాత పెడలు తొక్కింది. ఇరుసు దగ్గరి పుల్లలు జాతరలో రంగులరాట్నంలా గిరగిరా తిరిగాయి. వాటికి నాలుగు వేళ్ల అవతల ఉన్నవి బద్ధకంగా జరిగాయి. గోడ దగ్గరివి వానలో ఆవుల్లా కదలకుండా నిలబడ్డాయి. వాటిలో ఒకటి గాజును ఆనుకుని నిలువుగా ఉంది. మిర్తా పెడలు పూర్తిగా తొక్కింది. మధ్యలో సుడి లోతైంది, మోటారు మూలిగింది, జాడీ బల్ల మీద వణికింది. ఆ పుల్ల కదలలేదు.

ఆవిరి తగిలేది గోడకు. గోడ దగ్గరి పాకం మాత్రం కదలడం లేదు. వేగం పెంచడం అంటే మధ్యలో గొయ్యి తవ్వడమే అయింది. ఆమె పెడలు మీది నుంచి కాలు తీసి, ఇంకో రెండు గుప్పిళ్ల పుల్లలు కావాలని వదినను అడిగింది.

"తాగితేనే కదా వచ్చేది," అంది నొయెమీ. పొద్దు వాలేదాకా ఆమె ఆ షెడ్డులో ఎన్ని బుర్రలు తాగిందో లెక్కలేదు.

ఆ సాయంత్రం మిర్తా ఆరు రేకు రెక్కలు కత్తిరించింది. గోడల వెంబడే తిరిగే లంగరు ఆకారపు చట్రం పెడితే అంచు పుల్లలు కదిలాయి. కానీ మధ్య పుల్లలు పైకీ కిందికీ పోకుండా చట్రంతో పాటే ఒకే ముద్దగా తిరిగాయి. చట్రం మధ్యలో అడ్డంగా రెండు వాలు పట్టీలు వేస్తే, ఒకటి పైకీ ఒకటి కిందికీ తోసి ఆ ముద్దను విడగొట్టాయి. దీనిని వేగంగా తిప్పనవసరం లేదు. నిమిషానికి పాతికసార్లు చాలు. మొదట్లో పాలు పలుచగా ఉన్నప్పుడు ఇంత నెమ్మది సరిపోతుందా అని ఒక్క అనుమానం మిగిలింది. మర్నాడు దోన్ ఎల్బియోను అడిగితే, పలుచని పాలను ఉడుకే కలుపుతుందని, రెక్కకు అసలు పని మూడో గంట తర్వాతేనని ఆయన చెప్పాడు.

పెద్ద రెక్క చేసేముందు, గంగాళాల్లో తిరిగిన పాత తెడ్లను చూడాలని ఆమె వంటశాలకు వెళ్లింది. వాటి అంచులకు లపాచో అనే గట్టి చెట్టు కర్ర పట్టీలు బిగించి ఉన్నాయి. గట్టిగా బిగించినవి కావు, కీలు మీద ఊగేవి. ఎందుకలా పెట్టారని అడిగింది. తన తండ్రి పెట్టాడని, ఎందుకో అడగలేదని దోన్ ఎల్బియో అన్నాడు. తర్వాత కొంచెం ఆలోచించి, చేత్తో సాగగొట్టిన రాగి ఎప్పుడూ నిండు గుండ్రంగా రాదు కదా, పట్టీ గోడను వెతుక్కుంటూ పోవాలేమో అన్నాడు. మిర్తా వెళ్లి కొత్త ట్యాంకును తాడుతో కొలిచింది. పాత సరుకు, లారీ మీద ఎక్కడో దెబ్బ తిని ఒక పక్క వేలి మందాన లోపలికి నొక్కుకుపోయి ఉంది. తను బిగింపు పట్టీలు పెట్టి ఉంటే ఆ నొక్కు దగ్గర గీరుకుని, ఎదుటి పక్క ఖాళీ వదిలేవి. తిండికి పనికొచ్చే తెల్లటి ప్లాస్టిక్ పట్టీలను, కీళ్ల మీద ఊగేలా, చట్రానికి చుట్టూ అమర్చింది.

మూడో వంట ఆ పై వారం మంగళవారం. పాలు పోయడానికి వచ్చినవాళ్లు డబ్బాలు దింపి వెళ్లకుండా వరండాలో నిలబడ్డారు. గ్లాదిస్ ఒక మూల కుర్చీ వేసుకుని అల్లిక పట్టుకుంది. మొదటి రెండు గంటలూ నురగతోనే సరిపోయింది. దోన్ ఎల్బియో ఆవిరి వదులుతూ, బిగిస్తూ ట్యాంకు చుట్టూ తిరిగాడు. మూడో గంట దాటాక పాలు లేతగోధుమ రంగుకు తిరిగాయి. మోటారు పెట్టె మీది ముల్లు మెల్లగా పైకి లేవడం మొదలైంది. చిక్కబడేకొద్దీ మోటారుకు బరువు పెరుగుతుంది కాబట్టి మిర్తా ఆ ముల్లును చూస్తూ నిలబడింది. దోన్ ఎల్బియో దాని వంక చూడలేదు. ఆయన గాజు గ్లాసులో చన్నీళ్లు పెట్టుకుని, నిమిష నిమిషానికి ఒక చుక్క వేసి, అది కరుగుతోందా, అడుగున ముత్యంలా నిలుస్తోందా చూస్తున్నాడు. ముల్లు ఆగిన చోటుకు, చుక్క నిలిచిన క్షణానికి మధ్య రెండు నిమిషాలే తేడా వచ్చింది. ఆయన ఆవిరి కట్టేశాడు. పంచదార ఇసుకలా పలుకులు కట్టకుండా చల్లారేదాకా రెక్కను తిప్పుతూనే ఉంచారు.

అప్పుడు ఆయన చెంచా ముంచి తీశాడు. రంగు వెలుతురులో చూశాడు. బొటనవేలి గోరు మీద కొంచెం పెట్టి, చూపుడు వేలితో రుద్దాడు. నోట్లో వేసుకున్నాడు. చెంచాను మళ్లీ ముంచాడు.

"ఏమిటో చెప్పు దోన్ ఎల్బియో," అంది గ్లాదిస్, అల్లిక ఆపకుండానే.

"రెండో చెంచా తింటున్నానంటే అర్థం కాలేదా? జాడీలు పట్టుకురండి."

జాడీలు నిండాక, ట్యాంకు ఖాళీ అయ్యాక, మిర్తా మోటారు తీగ ఊడదీసి, టార్చిలైటుతో నడుము దాకా లోపలికి వంగింది. గోడ మీద అరచేయి పెట్టి చుట్టూ తుడిచింది. నొక్కుకుపోయిన చోట రెండుసార్లు తుడిచింది. చేతికి అంటినది లేత గోధుమరంగు పొర. దానిని అక్కడే నాకేసిందని గ్లాదిస్ ఇప్పటికీ అందరికీ చెబుతుంది. తర్వాతి సమావేశంలో ట్యాంకరు ప్రస్తావన ఎవరూ తేలేదు. గ్లాదిస్ మాత్రం పందులకు ఈసారి ఏం పెట్టాలో సభ్యులే చెప్పాలని అడిగింది.

అప్పటి నుంచి మిర్తా నోటు పుస్తకంలో ప్రతి ట్యాంకు పుటకు ఒక వరుస పెరిగింది. లోపల ఏం పోస్తారు, అది ఎప్పుడు చిక్కబడుతుంది అన్న రెండు పాత ప్రశ్నల కింద, గోడ దగ్గర ఏం జరుగుతుంది అని ఉంటుంది. దుల్సే ట్యాంకు పుటలో మొదటి రెక్క బొమ్మను ఆమె కొట్టేయలేదు. దాని పక్కన, పచ్చగా ఉండటం కలవడం కాదు అని రాసి ఉంచింది. షెడ్డుకు వచ్చేవారు ఆ పుట తిప్పి చూసినా అభ్యంతరం చెప్పదు.

జాడీ పక్కన అలమారాలో ఇప్పుడు కొత్త రేకు డబ్బా ఒకటి ఉంది. నిండా నది అవతలి ఆకు, పుల్లలతో సహా. మిర్తా దాని మీద పెద్ద అక్షరాలతో కాగితం అంటించింది: పరీక్షలకు మాత్రమే. నొయెమీ ఆ కాగితం చదివి, తన దేశాన్ని ప్రయోగశాలలో పెట్టారని నెల రోజులు వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వించింది. ఆమెకు వంటింట్లో సొంత డబ్బా ఉంది. షెడ్డులో డబ్బాను ముట్టుకోదు. అయినా పరీక్షలేవీ జరగని నెలల్లో కూడా ఆ ఆకు కొంచెం కొంచెంగా తగ్గుతూ ఉంటుంది. దాని గురించి వదినామరదళ్లు ఇద్దరూ మాట్లాడుకోరు. డబ్బా అడుగు కనబడే వేళకు నొయెమీ ఎవరో ఒకరితో నది అవతలికి కబురు పంపి, ఇంకో పొట్లం తెప్పించి పెడుతుంది.